చిరగాల్సిన కుట్టు

నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక ఫిబ్రవరి మొదటి సోమవారం, నన్ను తుక్కుగూడ దగ్గరున్న ఒక ప్రైవేటు కంపెనీ షెడ్డుకు తనిఖీ అధికారిగా వేశారు. అప్పటికి నా హోదా సీనియర్ నాణ్యతాధికారి. ప్రభుత్వ శాఖలు కొనే పారాచూట్లు, గాలి తెప్పలు, బెలూన్లు ఫ్యాక్టరీలో తయారవుతుంటే దశ దశకూ వెళ్లి పరీక్షించి సంతకం పెట్టడం మా ఉద్యోగం. సంతకం పడనిదే వస్తువు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి పోకూడదు. అందుకే కంపెనీలవాళ్లు మాకు కాఫీలు బాగా ఇస్తారు, మేం గేటు దాటాక బాగా తిడతారు.

ఆ షెడ్డులో తయారవుతున్నది వాతావరణ పరికరాలను మోసుకుంటూ పైకి లేచే పెద్ద హీలియం బెలూన్. వదిలేసేది కాదు, ఉక్కు తాడుతో నేలకు కట్టి ఉంచేది. విమానాశ్రయం అంత దగ్గరుండగా అక్కడ ఎగరేస్తామంటే ఎవరూ ఒప్పుకోరు. కుట్టడం, గ్యాస్ నింపడం, షెడ్డు ముందున్న కాంక్రీటు మీద నాలుగు బారల ఎత్తు లేపి బరువు తూచడం, అంతవరకే అనుమతి. అసలు ఎగరడం ఎక్కడో సముద్రం ఒడ్డున.

డిజైన్ విదేశం నుంచి కొన్నారు. చాలా పాత డిజైన్. బెలూన్లను చేత్తో కుట్టి, జిగురు పూసి, తాళ్లతో అల్లిన కాలం నాటి పదాలు ఆ డ్రాయింగుల నిండా ఉన్నాయి. డిక్షనరీ చూస్తే వాటికి మామూలు అర్థాలే దొరుకుతాయి, షెడ్డులో అవి పనికిరావు. కుట్టేవాళ్లందరూ తెలుగు చదవగలిగినవాళ్లు కాబట్టి పని పత్రాలు తెలుగులో ఉండాలని కాంట్రాక్టులోనే రాశారు. పని పత్రం అంటే ప్రతి బల్ల దగ్గరా గోడకు తగిలించే సూచనల కాగితం. పాత పదాలను అర్థం చేసుకుని ఆ పత్రాలు రాసే పని కూడా నా నెత్తినే పడింది.

ఆ పని నాకు చాలా ఇష్టంగా సాగిందని దాచకుండా చెప్తాను. మా అమ్మ శంషాబాద్ బజార్లో మిషన్ కుట్టేది. ఆమె నోట విన్న మాటలు ఇన్నేళ్లకు అక్కరకొచ్చాయి. బెలూన్ గుండ్రంగా రావాలంటే గుడ్డను నడుమ వెడల్పుగా, కొసలు సన్నంగా ఉండే ముక్కలుగా కోసి పక్కపక్కన కలుపుతారు. అలాంటి ముక్కనే మా దర్జీలు కలీ అంటారు, కలీల కుర్తా కుట్టినవాడికి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఒక తాడు చివర నాలుగు పాయలుగా చీలి గుడ్డను నాలుగు చోట్ల పట్టుకుంటుంది, లాగుడంతా ఒకే చోట పడకుండా. దాన్ని పాతవాళ్లు కాకికాలు అన్నారు, నేనూ కాకికాలు అనే రాశాను. బెలూన్ కడుపులో తాళ్లను వేలాడదీసే వంకీల గుడ్డ ఉంటుంది, షామియానా అంచున ఉండే జాలరులాగా. దానికి జాలరు అనే పేరు పెట్టాను. ఎక్కువైన గ్యాస్ పోవడానికి అడుగున తెరిచి ఉంచే గొట్టం తోక గొట్టం అయింది. ఎవరైనా తెలివి మీరి దాన్ని కట్టేస్తారేమోనని కింద ఒక వాక్యం చేర్చాను, కడితే బెలూన్ పగులుతుందని.

ఈ పాత పేర్లలో నాకు నచ్చిందల్లా ఒక్కటే. ఆ వస్తువు ఎలా ఉంటుందో, ఏం చేస్తుందో పేరులోనే ఉంటుంది. తాళ్లు లాగి అరచేతులు కాల్చుకున్నవాళ్లు పెట్టిన పేర్లవి.

నన్ను చాలా రోజులు తిప్పలు పెట్టింది ఇంకొకటి. బెలూన్ నెత్తి దగ్గర ఒక పొడుగాటి ముక్క. మిగతా అన్ని ముక్కల అంచులకూ డ్రాయింగులో జంట గీతలుంటే, దీనికి మాత్రం చుక్కల గీత ఉంది. దాని నుంచి ఒక ఎర్ర తాడు కిందికి దిగుతుంది. చివరికి మా శాఖ లైబ్రరీలో దుమ్ము పట్టిన ఒక శిక్షణ పుస్తకంలో విషయం దొరికింది. గాలి తిరగబడి బెలూన్ అదుపు తప్పితే నింపాదిగా గ్యాస్ తీసే వ్యవధి ఉండదు. అప్పుడు కింద ఉన్నవాడు ఎర్ర తాడు లాగుతాడు. ఆ ముక్క చర్రున చిరిగి, గ్యాస్ అంతా పోయి, బెలూన్ ఉన్నచోటే కూలబడుతుంది. గుడ్డ పాడవుతుంది, మనుషులు బతుకుతారు. అంటే మొత్తం బెలూన్‌లో చిరగడానికని పెట్టిన కుట్టు అదొక్కటే. దానికి చింపు పట్టీ అని పేరు పెట్టి, పని పత్రంలో ఇలా రాశాను: ఇది చిరగడానికే ఉంది. దీనికి పక్కా కుట్టు వేయరాదు. జిగురు, దాని మీద కచ్చా టాకా, అంతే. కచ్చా టాకా అంటే దర్జీలు అసలు కుట్టుకు ముందు వేసి, తర్వాత లాగిపారేసే కుట్టు. పత్రాలన్నిటి మీదా సంతకం చేసి ఇచ్చాను.

ప్రొడక్షన్ మేనేజర్ పేరు రాజశేఖర్ అనుకుందాం. ఇస్త్రీ నలగని మనిషి. పత్రాలు చదివి నా గదికి వచ్చి, "మేడమ్, కస్టమర్లు వస్తుంటారు. గోడ మీద చింపు, కాకి, తోక అని రాసి ఉంటే ఏమనుకుంటారండీ?" అన్నాడు. బెలూన్ కుట్టే షెడ్డు అనుకుంటారని చెప్పాను. నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వుకు అర్థం నాకు మే నెలాఖరులో తెలిసింది.

ఏప్రిల్‌లో నన్ను వేరే పని మీద బెంగళూరు పంపారు. నిబంధన ప్రకారం నేను లేనప్పుడు కుట్టు దశకు కంపెనీ సొంత తనిఖీదారు సంతకం పెట్టవచ్చు. గ్యాస్ నింపే దశకు మాత్రం నేను ఎదురుగా ఉండి తీరాలి. పత్రాల్లో మార్పులకూ ఒక పద్ధతి ఉంది. మార్పు పెద్దదైతే నా దగ్గరికి రావాలి. అక్షరదోషం దిద్దడంలాంటి చిన్న మార్పైతే మేనేజరే చేసుకోవచ్చు. నేను రైలెక్కిన వారానికే రాజశేఖర్ పత్రాల్లోని పేర్లన్నీ తీసేసి నంబర్లు పెట్టించాడు. కలీలూ నంబర్లే, జాలరూ నంబరే, చింపు పట్టీ పీ-17. పేరు పోయాక పేరు కింది వివరణ ఎందుకని అదీ తీసేశారు. అన్నిటికీ కలిపి ఒకే వాక్యం మిగిల్చారు: అన్ని ముక్కలకూ రెండు మడతల పక్కా కుట్టు వేయాలి. దీన్ని చిన్న మార్పు కింద నమోదు చేశారు.  

ఆ సమయంలోనే యాకూబ్ పనిలో చేరాడు. పహాడీ షరీఫ్ మనిషి, యాభై దాటినవాడు, చిన్నప్పటి నుంచీ షామియానాలు కుట్టి బతికినవాడు. పెళ్లి షామియానా గాలికి చినిగిందంటే ఆ దర్జీకి మళ్లీ పని దొరకదు, అందుకని అతను గట్టిగా ఉంటే చాలుననుకునే చోట ఇంకొంచెం గట్టిగా కుడతాడు. పీ-17ను పత్రంలో ఉన్నట్టే రెండు మడతలతో కుట్టాడు. నెత్తి మీది ముక్క కదా, గాలి అంతా దానికే తగులుతుందని తనంతట తాను మూడో కుట్టు కూడా వేశాడు. కంపెనీ తనిఖీదారు దాన్ని లాగి చూసి, భేష్ అని సంతకం పెట్టాడు.

బరువు తూచే పరీక్ష మే నెలాఖరున. పదింటికి నేను వచ్చాకే గ్యాస్ నింపాలి. నేను తొమ్మిదిన్నరకు గేటు దగ్గర దిగేసరికే బెలూన్ నిండి, షెడ్డు బయటికొచ్చి, కాంక్రీటు మీద తేలుతోంది. కస్టమర్ శాఖ పెద్దలు టోపీలు పెట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. పొద్దుటి వెలుగులో ఫొటోలు బాగా వస్తాయని నాకోసం ఆగలేదట. ఉక్కు తాడు చుట్టి ఉండే లారీ ఫొటోలో బాగుండదని, ఆ తాడు విప్పేసి లారీని షెడ్డు వెనక పెట్టారట. బెలూన్‌ను ఆపుతున్నవి ఇసుక బస్తాలు, పక్క తాళ్లు పట్టుకున్న కొందరు కూలీలు. వాళ్లంతా పాల్మాకుల నుంచి రోజు కూలికి వచ్చినవాళ్లు.

నేను రాజశేఖర్‌తో గొడవ మొదలుపెట్టానో లేదో, పడమటి నుంచి గాలిదుమారం లేచింది. మే నెలలో ఇక్కడివాళ్లెవరినడిగినా చెప్తారు, అది చెప్పి రాదు. బెలూన్ పక్కకు ఒరిగి బస్తాలను ఈడ్చుకుంటూ కదిలింది. టోపీలవాళ్లు షెడ్డులోకి పరుగెత్తారు. ఫోర్‌మన్ ఎర్ర తాడు అందుకుని లాగాడు. ఇంకో ఇద్దరు వచ్చి కలిశారు. ముగ్గురూ దాని మీద వేలాడినా నెత్తి మీది గుడ్డ ముడతలు పడిందే తప్ప కుట్టు కదలలేదు. నాకు వెంటనే అర్థం కాలేదు, నంబర్ల పత్రం నేను ఆ మధ్యాహ్నం గాని చూడలేదు. నేను రాసిన పత్రం ప్రకారమైతే ఒక్క మనిషి లాగితే చాలు.

పక్క తాడు పట్టుకున్నవాళ్లలో నర్సింహ అనే మనిషి తాడును అరచేతికి ఒక చుట్టు చుట్టుకున్నాడు. ఎద్దు పగ్గం పట్టుకునే అలవాటది. ఎద్దును ఆపాలంటే అదే పద్ధతి, బెలూన్‌కు పనికిరాదు. చుట్టొద్దని వాళ్లకు చెప్పే మనిషి ఆ రోజు లేడు, చెప్పాల్సిన దాన్ని నేను అప్పుడే వచ్చాను. బెలూన్ అతన్ని కంచె దాకా ఈడ్చుకుపోయింది. ఆఖరికి షెడ్డు రేకు అంచుకు తగిలి, కుట్టు కానిచోట, నట్టనడుమ గుడ్డ చీలి కూలింది. నర్సింహ కుడిచేతి వేళ్లు రెండు నలిగిపోయాయి. దవాఖానలో తీసేశారు.

సాయంత్రానికల్లా కంపెనీ నివేదిక తయారైంది. ప్రమాద కారణం: కుట్టుపనిలో నైపుణ్య లోపం. మా వృత్తిలో ఈ మాటకు పెద్ద గిరాకీ ఉంది. కాగితాలన్నీ శుభ్రం, చేతులే మురికి అని దాని అర్థం. పీ-17 మీద మూడో కుట్టు సూచనలకు విరుద్ధమని అందులో రాశారు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, రెండు మడతలు వేయించినవాణ్ని వదిలేసి మూడోది వేసినవాణ్ని పట్టుకున్నారు. యాకూబ్‌ను ఆ రోజే పంపేశారు. బయట పాకిన కబురు ఇంకా దారుణం. షామియానా యాకూబ్ కుట్టు ఊడిపోయి ఒకతని వేళ్లు పోయాయట. పెళ్లిళ్ల కాలంలో టెంట్‌హౌస్‌లవాళ్లు ఒక్కరొక్కరే అతనికి పని ఇవ్వడం మానేశారు.

వారం తిరక్కుండానే అతను నన్ను వెతుక్కుంటూ మా ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "మేడమ్, కాయితంల ఏముంటే గదే కుట్టిన. గది చినగాలె అని నాకెవ్వలు చెప్పలె. చెప్తే కచ్చా టాకా ఏస్తుంటి, ఎంత సేపు?" అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి తిరిగి, "నౌకరీ పోతే పోయింది. నా కుట్టు ఊడిందంటున్రు. ఊడిందా మేడమ్?" అని అడిగాడు. ఊడలేదు అన్నాను. "మరి గా మాట ఎవ్వలన్న చెప్పాలె గదా" అని వెళ్లిపోయాడు.

మా పై అధికారి నన్ను పిలిచి, కుట్టు దశ నా హయాంలో జరగలేదు కనుక నాకు ఏ ఇబ్బందీ లేదని, కందకు లేని దురద కత్తిపీటకెందుకని సలహా ఇచ్చాడు. కంద నేను కాదనీ, దురద నాకుందనీ చెప్పాను. కంపెనీ నివేదిక మీద తనిఖీ అధికారిగా నా సంతకం కావాలి. పెట్టనని రాసిచ్చాను. సంతకం లేకపోతే విచారణ సంఘం వేయక తప్పదు, నిబంధన అది. వేశారు.

ముగ్గురు సభ్యుల సంఘం. మొదటి రోజంతా రాజశేఖర్ మాట్లాడాడు. నంబర్లు ప్రపంచమంతటా ఉన్న పద్ధతేనని, పాత పదాలు మ్యూజియంలో ఉండాల్సినవని, అర్థం కాకపోతే కుట్టేవాడు అడగాలి గదండీ అని. నాకు ఒళ్లు మండింది. ఏమని అడుగుతాడు? నలభయ్యేళ్లుగా గట్టిగా కుట్టి అన్నం తిన్నవాడు, ఈ ఒక్కటీ ఊడేట్టు కుట్టమంటారా అని ఎందుకు అడుగుతాడు? తెలియదని తెలిస్తే కదా అడగడం. ఆ మాట సంఘం ముందు గట్టిగానే అన్నాను. గొంతు తగ్గించమని అధ్యక్షుడు అన్నాడు. తగ్గించలేదు.

వాదనతో లాభం లేదని ఒకటే కోరాను. యాకూబ్‌ను పిలిపించి, అదే గుడ్డ మీద రెండు నమూనాలు కుట్టించండి. ఒకటి నంబర్ల పత్రం చూసి, ఒకటి నేను రాసిన మొదటి పత్రం చూసి. మర్నాడు షెడ్డులోనే కుట్టించారు. అతను రెండు కాగితాలూ పెదవులు కదుపుతూ చదివి, మిషన్ మీద ఒకటి, చేత్తో ఒకటి కుట్టి లేచాడు. మొదటి నమూనాను దూలానికి కట్టి ఇద్దరు వేలాడారు. ఏమీ కాలేదు. రెండోదాన్ని అధ్యక్షుడే స్వయంగా ఒక చేత్తో లాగాడు. చర్రుమని ఈ కొస నుంచి ఆ కొస దాకా విచ్చుకుంది.  యాకూబ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. తర్వాత అడిగితే, "నేను కుట్టింది నా కండ్లముంగట చినగుడు ఎన్నడు సూడలె మేడమ్" అన్నాడు.

అంత చూశాక కూడా సంఘం రాసిన మొదటి చిత్తుప్రతి తిలాపాపం తలా పిడికెడు అన్నట్టే ఉంది. పత్రంలో స్పష్టత లోపం, కుట్టులో అతి జాగ్రత్త, తనిఖీలో అశ్రద్ధ, గాలి. గాలికి కూడా ఒక పిడికెడు పెట్టారు. నేను అసమ్మతి పత్రం రాసి జతచేస్తానన్నాను. అసమ్మతి పత్రం ఉన్న నివేదిక పై ఆఫీసుకు వెళ్తే ప్రశ్నలొస్తాయి, ప్రశ్నలొస్తే అందరికీ తిప్పలు. చివరి ప్రతిలో నాకు కావలసిన వాక్యాలు వచ్చాయి. కుట్టు విఫలం కాలేదు. కుట్టిన వ్యక్తి తనకిచ్చిన సూచనను పాటించాడు. చింపు పట్టీ పేరును, దాని పనిని తొలగించడం చిన్న మార్పు కాదు. రాజశేఖర్‌ను వేరే ఊరి శాఖకు మార్చారు, అదే హోదాలో. వీడ్కోలు విందు కూడా జరిగిందని విన్నాను.

నివేదిక ఇంగ్లీషులో ఉంది, మా బీరువాలో ఉంది. పహాడీ షరీఫ్‌లో దాన్ని ఎవరు చదువుతారు? ఒక ఆదివారం నకలు పట్టుకుని, యాకూబ్‌కు ఎక్కువ పని ఇచ్చే టెంట్‌హౌస్ యజమాని దగ్గరికి నేనే బయల్దేరాను. పాల్మాకులలో నర్సింహను పరామర్శించి వెళ్దామని ఆగితే, విషయం విని అతనూ కారెక్కాడు. చేతికి ఇంకా కట్టు ఉంది. దారిలో యాకూబ్‌ను ఎక్కించుకున్నాం. వాళ్లిద్దరూ కలవడం అదే మొదటిసారి. ఊరు దాటేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

టెంట్‌హౌస్ యజమాని నాకు కుర్చీ వేయించాడు. నేను నివేదిక తీసి, పేజీ తిప్పి, సంఘం ఏమందో తెలుగులో వివరించాను. అతను మర్యాదగా విన్నాడు. "మీరు పెద్దోళ్లు మేడమ్, మీ కాయితాలు మీయి. నా గిరాకీలు పరేషాన్ అయితున్రు, నేనేం జేయాలె?" అన్నాడు. నేను ఇంకో పేజీ తిప్పబోతుంటే నర్సింహ ముందుకొచ్చి కట్టున్న చేతిని బల్ల మీద పెట్టాడు.

"గీ ఏళ్లు నాయి అన్నా. జర ఇను. ఈయిన కుట్టు ఊడుంటే నా ఏళ్లు నాకుంటుండె. ఊడలె. ముగ్గురు లాగినా ఊడలె. గందుకే పోయినయ్."

యజమాని ఆ చేతిని చూశాడు, యాకూబ్‌ను చూశాడు. కాగితం వైపు మళ్లీ చూడలేదు. లోపలికి కేకేసి, శుక్రవారం పెళ్లికి కావలసిన షామియానా గుడ్డ బయట పెట్టమన్నాడు. యాకూబ్ కారు దాకా వచ్చి నర్సింహ ఎడమచేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. 

కంపెనీ తర్వాత అతన్ని వెనక్కి పిలిచింది. వెళ్లలేదు. కొత్త బెలూన్‌కు చింపు పట్టీ ఒక్కటి మాత్రం వచ్చి కుట్టి వెళ్లాడు, అతను కుడితేనే నేను సంతకం పెడతానన్నందుకు. గోడకు మళ్లీ నా మొదటి పత్రం తగిలించారు, కాకితో, తోకతో సహా.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఇంతే. పని చేసేవాడి దగ్గర వస్తువు పేరు తీసేసుకుంటే, దాని పని కూడా తీసేసుకున్నట్టే. ఆ తర్వాత జరిగే దానికి అతని చెయ్యి కారణం కాదు. ఉద్యోగంలో మిగిలిన కాలమంతా, నంబర్లు తప్ప పేర్లు లేని పని పత్రం ఏదొచ్చినా నేను సంతకం లేకుండా తిప్పి పంపాను. నామీద ఫిర్యాదులు చాలా వెళ్లాయి. పత్రాలు మాత్రం పేర్లతోనే తిరిగొచ్చాయి.